ఏడో నంబరు షాపు

మా ఆఫీసు కింద ఒక డ్రైక్లీనింగ్ షాపు ఉంది. ఉన్ని కోటు మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనించినప్పుడు లేచే ఆవిరి వాసన లిఫ్టు దాకా వస్తుంది. అది తగిలినప్పుడల్లా సరోజ ఆంటీ గుర్తుకొస్తుంది, ఆ వెంటనే ఆమె కొడుకు శీను మీద అసూయ. నలభై ఏళ్లయినా అది అరగలేదు.

న్యూజెర్సీలో మా ఊరి సెంటర్ అంటే, రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కుటుంబాల కోసం కట్టిన పన్నెండు ఎర్రిటుకల షాపుల వరస, అన్నిటికీ కలిపి ఒకటే రేకు చూరు. ఏడో నంబరులో ఆంటీ బట్టలు సరిచేసే షాపు నడిపేది. మా అమ్మ ఆఫీసు నుంచి ఆరింటికి గానీ వచ్చేది కాదు కనుక, బడి అయ్యాక నేనూ అక్కడే, కత్తిరింపుల బల్ల కింద, దర్జీ సుద్దతో గీసిన గళ్ల మీద గుండీలే కాయలుగా శీనుతో అష్టాచెమ్మా ఆడుతుండేవాణ్ణి. ఆకులు రాలే రోజుల్లో స్కూలు బ్యాండు యూనిఫారాలు, మంచు పడగానే లైనింగు చిరిగిన కోట్లు, క్రిస్మస్ ముందు ఎర్ర మఖ్మల్ గౌన్లు, మే నెలలో ఆడపిల్లల డాన్సు గౌన్లు వచ్చేవి. ఆంటీ పెదాల మధ్య గుండుసూదులు పట్టుకునే అందరితో మాట్లాడేది, ఒక్క సూదీ జారేది కాదు. బట్టలకు అంటుతుందని లోపల తిండి తిననిచ్చేది కాదు. దీపావళి సున్నుండలైనా సరే, చలిలో వెనక మెట్ల మీద కూర్చునే తినాలి. వేళ్ల నెయ్యి సబ్బుతో కడిగి చూపిస్తేనే లోపలికి.

ఒక హాలోవీన్‌కి మా ఇద్దరికీ ఆమే వేషాలు కుట్టింది. షాపుకొచ్చే వాళ్లందరికీ చేసినట్టే నా భుజాలకు టేపు పెట్టి, అంకెలు పుస్తకంలో రాసుకుంది. శీనుకి టేపు తీయలేదు. వీపు మీద జానతో రెండుసార్లు కొలిచి, "నీ కొలత నాకు నోటికొచ్చు, పోరా" అని మెల్లగా ఒకటి వేసింది. వేషం నాకే బాగా కుదిరింది. కానీ ఆ జాన నాకు దక్కలేదు.

మర్నాడు స్కూలు బస్సులో చెప్పాను, ఆవిడ బట్టల మీదే కూర కలుపుకు తింటుందని. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వారు. నాకు హాయిగా అనిపించింది. కొన్ని వారాలకు ఒకావిడ ముక్కు చిట్లించి, తెచ్చిన కోటు ఇవ్వకుండానే వెనక్కి పట్టుకుపోయింది. ఆంటీ వేలాడుతున్న కోట్ల కాలర్లు ఒక్కొక్కటే వాసన చూసి, నన్ను పిలిచింది.

"నిజం చెప్పు నాన్నా. నాకు అలవాటైపోయి తెలీట్లేదేమో. వాసనొస్తోందా?"

"కొంచెం, ఆంటీ," అన్నాను.

ఎండలు వచ్చేలోగా షాపు మూసేసి, ఫ్యాక్టరీలో కుట్టుపనికి చేరింది.

ఇప్పుడు ఆ సెంటర్‌ని బాగుచేశారు. ఇటుక గోడలూ రేకు చూరూ అలాగే ఉంచి, ప్రతి షాపు ముందూ దాన్ని నడిపినవాళ్ల పేర్లతో ఇత్తడి ఫలకం పెట్టాలన్నారు. పేర్లు తేల్చే కమిటీలో నేనున్నాను. షాపులో తన తల్లి ఉన్న పాత ఫోటో శీను పంపితే, ఒక్క ఫోటో ఆధారం చాలదని పక్కన పెట్టించాను. మా అమ్మ ఇరవై ఏళ్లు పనిచేసిన ఆఫీసు కూలగొట్టినప్పుడు ఎవరూ ఏ పేరూ అడగలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వారం తిరక్కుండానే ఆ సాకు నాకే రోత పుట్టించింది. శీనుకి ఫోన్ చేసి, బస్సులో అన్నదీ ఆంటీతో అన్నదీ చెప్పేశాను.

శీను అటు టీవీ కట్టేశాడు.

"నేనేం తప్పు చేశాన్రా అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది, తెలుసా నీకు?" అన్నాడు. "పేరు పెట్టించు. ఆ తర్వాత నాకు కాల్ చెయ్యకు."

కమిటీ ముందు అంతా ఒప్పుకుని, పెట్టించాను. ఏడో నంబరులో ఇప్పుడు కాఫీ షాపు. వెనక మెట్లు పోయి పార్కింగ్ వచ్చింది. కోటు చిరిగితే ఊళ్లో కుట్టేవాళ్లు లేరు. ఫలకాలు ఆవిష్కరించిన రోజు శీను తల్లిని తీసుకొచ్చాడు. ఆమె వంగి తన పేరు రెండుసార్లు చదువుకుంది. నేను రోడ్డు ఇవతలే నిలబడ్డాను. ఆమె వాడి మోచెయ్యి పట్టుకుని లోపలికి వెళుతుంటే, ఇంత జరిగాక కూడా, ఆ మోచెయ్యి నాది కాదే అనిపించింది.