దిగలేనండీ మావయ్యగారూ

మా కోనసీమలో కొండల్లేవు. ఎత్తైన చోటు చూపించమంటే ఏటిగట్టు చూపిస్తాం. అలాంటి నేల మీదికి మా ఆయన మస్కట్ నుంచి కొండలెక్కే సైకిలు తెచ్చారు. అక్కడ కంపెనీ బస్సులు బాగుచేసే పని ఆయనది. శుక్రవారం సెలవు కదా, తోటి పనివాళ్ళతో కలిసి రాళ్ళ కొండల మీద సైకిలు తొక్కడం మరిగారట. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆ ఉద్యోగం మానేసి వచ్చేశారు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళందరూ టీవీలూ, టేపురికార్డర్లూ, సెంటుసీసాలూ మోసుకొస్తే, ఈయన అట్టపెట్టెలో ఊడదీసిన సైకిలు మోసుకొచ్చారు. మా అత్తగారు ఆ పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, "మిక్సీ ఏదిరా?" అన్నారు.

మొదట్లో దానికి మామూలు పెడళ్ళే ఉండేవి, వెడల్పుగా, బల్లపరుపుగా. హవాయి చెప్పులతోనే తొక్కేవారు. లంకలోకి దిగే బాటలో కొబ్బరివేళ్ళ మీద ఎగిరినప్పుడల్లా చెప్పు జారడం, పెడలు గిర్రున తిరిగొచ్చి మోకాలి కింద ఎముక మీద కొట్టడం. ఇంటికొచ్చాక పసుపూ కొబ్బరినూనే రాయడం నా వంతు. "పెడలు మంచిది కాదే" అనేవారు. తొక్కుడు మంచిది కాదేమోనని నాకనిపించేది గానీ, మొగుడితో అన్నీ అనలేం కదా.

అలా ఉండగా మస్కట్ నుంచి స్నేహితుడెవరో సెలవుకొస్తూ కొత్త పెడళ్ళు పట్టుకొచ్చాడు. అరచేతిలో ఇమిడిపోయే ఇనప ముక్కలు. కాలు పెట్టుకునే చోటే లేదు వాటి మీద. వాటితోపాటు ఒక జత బూట్లు, అడుగున చిన్న ఇనప నాలిక. బూటు పెడలు మీద పెట్టి నొక్కితే టక్కుమని పట్టేసుకుంటుంది, ఇక జారమన్నా కాలు జారదు. ఊడాలంటే మడమ బయటివైపుకి తిప్పాలి. క్లిప్‌లెస్ పెడళ్ళంటారట వాటిని. క్లిప్పు లేకుండానే ఇంత పట్టు పడితే, ఉంటే కాలు ఇంటికి రాదేమో అన్నాను. ఆయన నవ్వలేదు. మస్కట్‌లో ఎవరో వాటితో కొండలు నున్నగా ఎక్కేయడం చూశారట, అప్పట్నుంచీ ఆ పెడళ్ళ మీదే మనసు.

పెరట్లో కొబ్బరిచెట్టు పట్టుకుని బిగించుకోవడం, విప్పుకోవడం నేర్చుకున్నారు. చెట్టు పట్టుకుని ఉన్నంతసేపూ బ్రహ్మాండంగా వచ్చింది. బూట్లు వేసుకుని అరుగు మీద టకటకా నడుస్తుంటే మా అత్తగారు లోపల్నుంచి, "గుర్రాన్ని ఎవరు కట్టేరే ఇక్కడ?" అని అడిగేవారు.

ఇక్కడ మా వైపు మర్యాద ఒకటి చెప్పాలి. సైకిలు మీద వెళుతుండగా పెద్దవాళ్ళు ఎదురైతే దిగిపోవాలి. దిగి, సైకిలు ఓ పక్కకి పట్టుకుని, "ఆయ్, బాగున్నారాండీ" అని ఓ మాటని, వాళ్ళు దాటాక మళ్ళీ ఎక్కాలి. ఎంత తొందర పనైనా సరే. ఊళ్ళో ఎదురయ్యేవాళ్ళంతా పెద్దవాళ్ళే అయితే తొక్కేది తక్కువ, దిగేది ఎక్కువ. అందులోనూ ఎదురొచ్చింది పిల్లనిచ్చిన మామగారైతే ఇక చెప్పేదేముంది.

మా పుట్టిల్లు కాలవ అవతలి ఊరే. నాన్నగారికి పొద్దున్నే గొడుగు చంకన పెట్టుకుని కాలవగట్టు మీద నడవడం అలవాటు. చెట్టు దాటి బయటికెళ్ళిన మొదటి రోజే మా ఆయన సరిగ్గా ఆయనకే ఎదురయ్యారు. నాన్నగారి పక్కన ఊరి పెద్దలు ఇద్దరున్నారు. సన్నటి గట్టు, ఒకవైపు కాలవ, ఇంకోవైపు ముళ్ళపొద. దిగాలి. మడమ ఎటు తిప్పాలో ఆ క్షణంలో ఈయనకి మతికి రాలేదు. ఆగితే కాలవలోకే. అందుకని ఆగకుండా, ఓ చెయ్యి పైకెత్తి, "ఆయ్, నమస్కారమండీ మావయ్యగారూ, దిగలేనండీ" అంటూ వాళ్ళ ముగ్గుర్నీ ముళ్ళపొదలోకి నెట్టినంత పని చేసి వెళ్ళిపోయారు.

మలుపు తిరిగాక కాలవలో పడ్డారు. అది మాత్రం ఎవరూ చూళ్ళేదు. చూసుంటే బాగుండేది. గుర్రపుడెక్క మెడలో వేసుకుని ఇంటికొచ్చిన మనిషిని చూసి నేను పగలబడి నవ్వాను. సాయంత్రం నాన్నగారి దగ్గర్నుంచి కబురొచ్చాక ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది. "అల్లుడుగారికి ఇక మేం అక్కర్లేదల్లే ఉంది" అన్నది కబురు.

నేను పరుగున వెళ్ళి చెప్పాను, కాళ్ళు పెడళ్ళకి పట్టేసుకున్నాయి నాన్నగారూ అని.

"కాళ్ళు పట్టేసుకోవడం ఏంటమ్మా. నా చెవిలో పువ్వులేవన్నా కనపడుతున్నాయా నీకు?" అన్నారాయన. "నేనూ సైకిలు తొక్కినవాణ్ణే. బియ్యం బస్తా వెనకాల కట్టుకుని కొత్తపేట వెళ్ళొచ్చినవాణ్ణి. దిగను అన్నా ఊరుకుందును. దిగలేనట. పదిమందిలోనా ఆ మాట."

ఇంటికొచ్చి మా ఆయన్ని బతిమాలాను, ఒక్కసారి వెళ్ళి కనపడండీ అని. "నేనేం తప్పు చేసేనని? నమస్కారం పెట్టేనా లేదా? ఆయన పిలిస్తే వెళ్తాను. పిలవందే ఆ గడప తొక్కను" అన్నారు. సైకిలు దిగలేని మనిషి పంతం మాత్రం ఎంత తేలిగ్గా ఎక్కేస్తాడో అప్పుడు తెలిసింది నాకు.

పోనీలే, నాలుగు రోజులు పోతే వాళ్ళే సర్దుకుంటారు అనుకుందామంటే నాకు ఏడో నెల. తొలి కాన్పు. పురిటికి పుట్టింటివాళ్ళొచ్చి, అల్లుడితో ఓ మాట చెప్పి తీసుకెళ్ళాలి. నాన్నగారేమో ఈ గుమ్మంలో అడుగు పెట్టనంటారు. ఈయనేమో ఆయన రాందే పంపనంటారు. మా అమ్మ రోజూ కబురు, గది కడిగించేను, కొత్త నులకతో మంచం అల్లించేను అని. నాకు అమ్మ కావాలి. అమ్మ వండే పనసపొట్టు కూర కావాలి. కాన్పంటే భయంగా ఉంది, ఆ భయం చెప్పుకోవడానికి అమ్మ పక్కన పడుకోవాలి. ఇంత కడుపేసుకుని నేను నలిగిపోతుంటే ఈ మగవాళ్ళిద్దరూ సైకిలు దిగడం దగ్గర ఆగిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నాన్నగారి తోటలో దింపు ఎప్పుడో కనుక్కున్నాను. కొబ్బరికాయలు దింపే రోజు రాజోలు నుంచి మా మేనత్త తప్పకుండా వస్తుంది. నాన్నగారికి అక్కగారు. ఆవిడ ముందు ఆయన ఈనాటికీ కుర్చీలో కూర్చోరు. అది తెలిసే ఆ రోజు ఎంచుకున్నాను. మా ఆయన అత్తారింటి తోటలోకి వెళ్ళగానే ఆ సైకిలూ, ఆ బూట్లూ తొట్టిరిక్షాలో వేయించి, నేనూ ఎక్కి కూర్చున్నాను. దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ రిక్షా ఆపి, "సైకిలుండగా రిక్షా ఏంటమ్మా?" అని అడగడమే.

పుట్టింటి పెరట్లో ఒలుపు జోరుగా సాగుతోంది. కాయలు ఓ పక్క, ఒలిచిన పీచు డొక్కలు ఓ పక్క గుట్టలు పోసున్నాయి. నాన్నగారి ముందు బూట్లు పెట్టాను. "మీరూ సైకిలు తొక్కినవారే అన్నారు కదా. మీరు ఒక్క చుట్టు తిరిగి దిగి చూపించండి. ఆయన చేత కాళ్ళు పట్టించే పూచీ నాది" అన్నాను.

"నాకెందుకమ్మా ఇవన్నీ" అన్నారు గానీ ఆయన కళ్ళు అప్పటికే గేర్ల మీదున్నాయి. పంచె ఎగ్గట్టారు. బూట్లు కాస్త వదులైతే లోపల గుడ్డపీలికలు కుక్కాను. కొబ్బరిచెట్టు పట్టుకుని ఎక్కారు. ఒక కాలు టక్, రెండో కాలు టక్. "ఓస్, ఇంతేనా" అని తొక్కడం మొదలెట్టారు. నిజం చెప్పాలంటే బాగా తొక్కారు. కాయల గుట్ట చుట్టూ ఓ చుట్టు, డొక్కల గుట్ట చుట్టూ ఓ చుట్టు. ఒలుపువాళ్ళు పని ఆపి చూస్తున్నారు. ఆయన మొహంలో సంతోషం చూసి నా ఎత్తు బెడిసికొట్టిందేమోనని కంగారు పడ్డాను.

అంతలో ఆటో వచ్చి ఆగింది. మేనత్త దిగింది.

నాన్నగారు ఆవిణ్ణి చూశారు. దిగబోయారు. కాలు రాలేదు. ఆగితే పడతారని ఆయనకీ తెలిసిపోయింది కాబోలు, ఆగకుండా అత్త చుట్టూ తొక్కడం మొదలెట్టారు. అత్త నడుం మీద చెయ్యి వేసుకుని, ఆయన ఎటు తిరిగితే అటు తిరుగుతూ చూసింది.

"ఏరా, నేనొస్తే సైకిలు దిగవా? అంతటోడివైపోయేవా?" అంది.

"దిగుతున్నానక్కా. దిగలేకపోతున్నాను. కాళ్ళు పట్టేసుకున్నాయే."

"కాళ్ళు పట్టేసుకోవడం ఏంటిరా? నా చెవిలో పువ్వులు కనపడుతున్నాయా నీకు?"

నేను పమిట నోట్లో కుక్కుకున్నాను. మడమ బయటికి తిప్పండి నాన్నగారూ అని అరిచాను కూడా, కానీ ఆయన లోపలికి తిప్పారు. మూడో చుట్టులో అక్కగారి ముందు తొక్కుతూ పోవడం కన్నా పడడమే మేలనుకున్నారేమో, హేండిలు డొక్కల గుట్టకేసి తిప్పేశారు. మెత్తగానే పడ్డారు. కింద డొక్కలు, మధ్యలో నాన్నగారు, పైన సైకిలు. కాళ్ళు మాత్రం పెడళ్ళని వదల్లేదు.

ఒలుపువాళ్ళు ఇద్దరు పట్టి లాగారు. సైకిలుతోపాటు నాన్నగారూ లేచారు, మళ్ళీ సైకిలుతోపాటే పడ్డారు. గునపం తెమ్మన్నాడొకడు. మా అమ్మ లబలబలాడింది. బూటు పట్టీ విప్పేస్తే కాలు దానంతటదే బయటికొస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. నోరు మెదిపానా? మెదపలేదు. చెట్టు నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాను.

చివరికి డొక్కల్లోంచి నాన్నగారి గొంతు వచ్చింది. "అల్లుడుగార్ని రమ్మనండి. నేను పిలుస్తున్నానని చెప్పండి."

మా ఆయన కాలవగట్టు మీద వట్టి కాళ్ళతో పరిగెత్తుకొచ్చారు. మామగారికి ఏమైందోనని మొహం పాలిపోయింది. గడప దగ్గర ఆగడాలూ ఆలోచించడాలూ ఏమీ లేవు, సరాసరి వచ్చి డొక్కల్లో మోకాళ్ళ మీద కూలబడి నాన్నగారి రెండు పాదాలూ పట్టుకున్నారు. మడమలు బయటికి తిప్పారు. టక్, టక్. ఊరు ఊరంతా చూసింది, అల్లుడు మామగారి కాళ్ళు పట్టుకున్నాడని. మా ఆయనకి వినిపించింది మాత్రం మావయ్యగారు కబురెట్టి పిలిచారని.

"దెబ్బేవన్నా తగిలిందాండీ?" అన్నారు మా ఆయన.

"ఆయ్, లేదండీ" అన్నారు నాన్నగారు, జుట్టులోంచి కొబ్బరిపీచు తీసుకుంటూ. "ఆ రోజు గట్టు మీద మీరు చాలా ఇబ్బంది పడుంటారు" అన్నారు. ఈయన తల దించుకుని కాలవలో పడ్డ సంగతి చెప్పేశారు. నాన్నగారు నవ్వలేదు. "లోతెంతుందక్కడ?" అని అడిగారు. నాకెందుకో గబుక్కున ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం నేను మా ఆయనతో ఇంటికొచ్చేస్తే, మర్నాడే నాన్నగారు వచ్చి ఆయనతో ఓ మాట చెప్పి నన్ను తీసుకెళ్ళారు. పనసపొట్టు కూర కడుపునిండా తిన్నాను, అమ్మ పక్కన పడుకున్నాను, పిల్ల పుట్టింది.

ఆ తరవాత నేర్చుకుని మా ఆయన రెప్పపాటులో దిగిపోయేవారు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా నాన్నగారు నమ్మలేదు. గట్టు మీద అంత దూరాన ఆ సైకిలు కనపడితే చాలు, ఆయనే ముందు గట్టు దిగిపోయేవారు. చీలమండల దాకా చేలో బురదలో నిలబడి, గొడుగు అడ్డం పెట్టుకుని, మొహం అటు తిప్పుకునేవారు. మా ఆయనా దిగేవారు. ఆయన పైకెక్కందే ఈయన కదలరు, ఈయన వెళ్ళందే ఆయన పైకెక్కరు. ఓసారి నేను పిల్లనెత్తుకుని వెనకాలే వస్తూ విన్నాను. గొడుగు వెనకాల్నుంచి నాన్నగారు, "నేను చూళ్ళేదండీ అల్లుడుగారూ, మీరు వెళ్ళిపోండి" అంటున్నారు.