ఆంజనేయప్రసాద్ గారి పచ్చజెండా

ఆంజనేయప్రసాద్ గారు ముప్పై ఒక్క ఏళ్ళు రైల్వే గార్డుగా పనిచేసి, ఇప్పుడు అమెరికాలో, నేపర్‌విల్‌లోని కొడుకు రవికాంత్ ఇంట్లో ఉంటున్నారు. పొద్దున విష్ణు సహస్రనామం, సాయంత్రం మనవరాలు అనికను గేలిక్ ఫుట్‌బాల్ అనే ఐరిష్ ఆట ప్రాక్టీసుకి నడిపించుకెళ్ళడం, ఇవీ ఆయన డ్యూటీలు.

నలభై ఏళ్ళ కిందట ఐర్లండ్ నుంచి వచ్చిన తాపీపనివాళ్ళు పెట్టుకున్న క్లబ్బు అది. వాళ్ళ పిల్లలు పెరిగి తలో ఊరూ వెళ్ళిపోయాక, మూతపడబోయేదాన్ని మన పిల్లలు వచ్చి నింపారు. తొలినాటివాళ్ళలో మిగిలిన నోరా అనే పెద్దావిడ, ప్రసాద్ గారికని పాలెక్కువ పోసిన టీ ఫ్లాస్కులో తెస్తుంది. ఎండ తిరిగితే ఆయన కుర్చీ కూడా జరిపిస్తుంది.

మొన్న ఆదివారం సెమీఫైనల్. ఈ క్లబ్బు ఫైనల్ మొహం చూసి తొమ్మిదేళ్ళయింది. గోలు స్తంభం దగ్గర నిలబడాల్సిన అంపైరుకేమో జ్వరం.

"నాన్నా, నువ్వు నిలబడు. సింపుల్. బాల్ అడ్డకర్ర మీదుగా పోతే తెల్లజెండా, ఒక పాయింటు. వలలో పడితే పచ్చజెండా, మూడు" అన్నాడు రవికాంత్.

"జెండాల గురించి నాకే చెబుతావట్రా!"

ఆఖరి నిమిషం. అనిక జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. అనిక తన్నిన బంతి స్తంభం పక్కనుంచి బయటికి పోయింది. అంతలో ఆట ముగిసిందని రెఫరీ ఈల వేశాడు. ఈల వినపడగానే ప్రసాద్ గారి చెయ్యి దానంతటదే లేచి పచ్చజెండా ఊపేసింది. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు మరి! గోలనుకుని పిల్లలు అనికను ఎత్తుకుని గంతులేశారు. నోరా కళ్ళు తుడుచుకుంది.

ప్రసాద్ గారు "కృష్ణా, కృష్ణా" అనుకుంటూ రెఫరీ దగ్గరికి పరుగెత్తారు.

"సర్, మై మిస్టేక్. నో గోల్. రైల్వే హ్యాబిట్."

ఫైనల్ అవకాశం పోయింది. కార్‌లో అనిక అడిగింది: "తాతా, నువ్వు నా తాతవా, వాళ్ళ తాతవా?"

"పైన దేవుడు చూస్తున్నాడమ్మా."

"చూస్తే ఆయనే రెఫరీకి చెప్పేవాడు కదా! నువ్వెందుకు?"

ఆ తర్వాత మూడు రోజులు అనిక ప్రాక్టీసుకి నాన్నతోనే వెళ్ళింది.

బుధవారం నోరా, గెలిచిన జట్టు కోచ్‌ను వెంటబెట్టుకుని ఇంటికొచ్చింది. శనివారం ఫైనల్లో అంపైరుగా ప్రసాద్ గారే నిలబడాలని, ఆడబోయే రెండు జట్లూ కోరాయట. ఆయన కంగారుపడి, "ఈ చేతిని నమ్మలేనని చెప్పరా" అన్నారు కొడుకుతో.

అనిక విసవిసా లోపలికెళ్ళి ఈల తెచ్చింది.

"డ్రైవ్‌వేలోకి రా తాతా. నేను ఈల వేస్తా. నీ చెయ్యి లేవకూడదు."

వేసింది. లేచింది.

"తాతా!"

"సారీ తల్లీ."

పద్నాలుగోసారికి చెయ్యి నడుము దాకా వచ్చి ఆగింది. ఎదురింటివాళ్ళు చప్పట్లు కొట్టారు.

"శనివారం దాకా టైముందిలే" అంటూ అనిక మళ్ళీ ఈల నోట్లో పెట్టుకుంది.