ముప్పై ఏడో క్యాసెట్

"కూర్చోండి తమ్ముడూ, ఆ పెట్టె మీద మాత్రం వద్దు. అందులో మనుషులున్నారు."

టైపిస్టక్క పెట్టెను తన కుర్చీ కిందికి లాక్కుంది. మతాల గురించి పాఠం చెప్పే ఈ శాఖలో ఆమెది ముప్పై ఒక్కేళ్ళ ఉద్యోగం. పరిశోధకులు ఇల్లిల్లూ తిరిగి, జనం తమ దేవుళ్ళ గురించి చెప్పుకున్న మాటల్ని క్యాసెట్లలో పట్టుకొస్తే, విని అక్షరం పోకుండా టైపు చేసేది. ఎక్కడ ఏడ్చారో, ఎక్కడ ఆగిపోయారో కూడా రాసేది. అప్పుడప్పుడూ ఇక్కడికొచ్చిపోయే, డిగ్రీ లేని నేను ఆ కాగితాలు చదివే జనం మాట వినడం నేర్చుకున్నాను.

"అందరి దేవుళ్ళనీ టైపు కొట్టాను. ఒక్కరూ నా మోకాళ్ళ నొప్పి పట్టించుకోలేదు" అని నవ్వింది గానీ, చూపు తలుపు మీదే ఉంది.

ఈ ఏడు చేరింది ఇద్దరే విద్యార్థులు. అందుకే సోమవారం నుంచి శాఖను చరిత్ర విభాగంలో కలిపేస్తున్నారు. క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఎవరైనా వినేలా పెడతారట. సాయంత్రం మనుషులొచ్చి పెట్టెలు తీసుకుపోతారు.

"మంచిదేగా అక్కా, నలుగురూ వింటారు" అన్నాను.

"ముప్పై ఏడో క్యాసెట్ కూడానా?"

అందులో మాట్లాడింది ఒక దర్జీ ఆవిడ. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ప్రార్థన చేయించేది ఆవిడే. తనకు మాత్రం ఏనాడో నమ్మకం పోయిందనీ, ఈ సంగతి ఇంట్లో తెలియకూడదనీ చెప్పింది. సరేనని మాటిచ్చిన పరిశోధకుడు చనిపోయాడు. ఆ మాటకు రాసుకున్న కాగితమేదీ లేదు.

"చరిత్ర విభాగం నుంచి వచ్చిన కొత్తాయన్ని బతిమాలితే, బయటపెట్టొద్దని ఆవిడ సంతకం చూపించు, ఆపేస్తానన్నాడు. ఆవిడ మాట వీధిన పడిందనుకోండి, రేపు ఎవరెళ్ళి అడిగినా ఇంకెవరు నోరు విప్పుతారు? అప్పుడీ చదువు ఏ విభాగంలో ఉంటే ఏం, ఏట్లో కలిస్తే ఏం?"

ఆ క్యాసెట్ విని టైపు చేసిన కాగితం మడిచింది, విప్పి చదువుకుంది, మళ్ళీ మడిచింది.

"నేను కదిలితే పెట్టెలు పోతాయి. మీరెళ్ళండి. బస్టాండు వెనక కొట్టు. పోయిన వారం ఆ దారిన వస్తూ గొంతు గుర్తుపట్టాను, ఆవిడే. చొక్కా కుట్టించుకోవాలని చెప్పండి. కోడలు పక్కనే ఉంటుంది, ఆమె ముందు ఈ ఊసెత్తకండి. కొలతలకి దగ్గరికొస్తుంది కదా, అప్పుడు మెల్లగా చెప్పండి. నాలుగులోపు సంతకం తెచ్చెయ్యండి. నమ్మకం మళ్ళీ కుదిరిందా అని మాత్రం అడగొద్దు తమ్ముడూ. తెలుసుకోవాలని నాకూ ఉంది. అయినా అడగొద్దు."