మక్సూద్ గీసిన నడక

మక్సూద్ బొగ్గుగనుల ఊరు గోదావరిఖనిలో దుకాణాల బోర్డులు రాసేవాడు. బొమ్మలను నడిపించడం నేర్చుకోవాలని తొంభై ఎనిమిదిలో యానిమేషన్ కోర్సులో చేరాడు. అక్కడి మాస్టారు రఘునందన్‌కు విదేశీ స్టూడియోల ముచ్చట్లే తప్ప పెన్సిల్ పట్టడం రాదు. ఆర్నెల్ల ఆ ఊకదంపుడుకు మక్సూద్‌కు ఒళ్లు మండేది.

చివరికి మాస్టారు విద్యార్థులకు హైదరాబాద్‌లో ఓ స్టూడియో చూపించాడు. అక్కడ బొమ్మల విభాగం చూసే లలితమ్మ, "ఒక మనిషి నడక గియ్యండి. బాగుంటే పనిలో పెట్టుకుంటాను" అంది.

మక్సూద్ పన్నెండు కాగితాలు గీసిచ్చాడు. ఆమె వాటిని వేళ్లతో చకచకా ఆడిస్తే, మెడ వంచి, మోకాళ్లు మడిచి ఒక మనిషి నడిచాడు.

"ముసలాయనా?"

"కాదు మేడం, ముప్పై ఏండ్లోడే. బొగ్గుబాయిల పనిచేసెటోళ్లు కప్పు తలకు తాకుతదని వంగి నడుస్తరు. బయటికొచ్చినా మా దిక్కు గట్లనే నడుస్తరు."

"మామూలు మనిషిని గియ్యమంటే గిదేంది మక్సూద్? నడకకో సిద్ధాంతం ఉంటది" అని మాస్టారు అందుకున్నాడు.

లలితమ్మ పెన్సిల్ ఆయన ముందుకు జరిపింది. "మీరు గియ్యండి సార్."

"నాది థియరీ మేడం."

ఈత రానివాడు గట్టు మీద కూర్చుని లోతు చెప్పినట్టుంది. ఆమె మక్సూద్ వైపు తిరిగింది.

"ఆరో కాగితంలో కాలు జారుతోంది. సరిచేసివ్వు. సోమవారం నుంచి పనికి రా."

మక్సూద్ రబ్బరు అందుకున్నాడు. వాడికి అన్నీ తానే నేర్పానని మాస్టారు మిగతావాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు.