ఎడమ కాలు తప్పిన చోటు

సమస్త షిఫ్టుల వారికి తెలియజేయునది ఏమనగా: క్యాంటీన్‌లో గోడవైపు కుర్చీలో ఇకమీదట ఎవరైనా కూర్చోవచ్చు. చక్కెర లేని టీ విడిగా తీసిపెట్టనక్కర లేదు. పాట నడుస్తుండగా మాట్లాడినవాళ్లను తిట్టే మనిషి లేడు. మా ఫోర్‌మన్ సారు పోయిన మంగళవారం పొద్దున సుల్తాన్‌పూర్‌లో తన ఇంట్లో కన్నుమూశారు.

పటాన్‌చెరులో మాది ఫోర్జింగ్ షెడ్డు. ఎర్రగా కాల్చిన ఇనుము మీద ఇంటెత్తు హ్యామర్ దిగుతుంటే కాళ్ల కింద నేల అదురుతుంది. ఆ అదురులోంచే సారు మిషన్ జబ్బు కనిపెట్టేవారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన మిషన్‌కు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు పెట్టుకొని కళ్లు మూసుకునేవారు. నా గుండెను ఏ డాక్టరూ అంతసేపు వినలేదు.

ఆటపట్టించడం తప్ప నాకు పెద్ద చదువు అబ్బలేదు. కిష్టారెడ్డిపేటలో మా పై వాటాలో కిరాయికుండే సాఫ్ట్‌వేర్ ఆయన ఓ పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. ముప్పై ఏళ్ల కిందటి విదేశీ డెత్ మెటల్ ఆల్బమ్, చెవులు పగిలే డ్రమ్ములూ అరుపులూ, అన్నీ చావు పాటలే. భోజనాల వేళ షెడ్డు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు రెండో నంబర్ హ్యామర్ వెనక స్పీకర్ దాచి మోగించాను. మిషన్ దానంతటదే లేచిందనుకొని సారు అన్నం వదిలి ఉరికొచ్చారు. మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. స్పీకర్ డబ్బాకు స్క్రూడ్రైవర్ ఆనించి ఆల్బమ్ అయిపోయేదాకా నిలబడ్డారు.

"మిషన్ గాదు ర ఇది. నలుగురు మనుషులు. మంచి పనోళ్లు," అన్నారు.

అప్పట్నుంచి రోజూ భోజనాల తర్వాత అదే. నాకు గోల తప్ప ఏమీ వినపడని చోట ఆయన పనితనం చూపించేవారు. తీగలు వదులు చేసి గిటార్ల మోతను బురదలోకి దించారట. అయినా ఒక్కో దెబ్బ విడిగా తెలుస్తుందట, అది చేతి శుభ్రమట. పాడేవాడు గొంతు చించుకోవడం లేదు, కడుపులోంచి ఊపిరి తోస్తున్నాడట. డ్రమ్ములాయన కాళ్లు రెండూ రెండు పిస్టన్లట. ఆ వేగానికి నేను జడుసుకుంటే తల అడ్డంగా ఊపేవారు. "ఉరుకుతున్నప్పుడు భయం లేదు ర. జెర నెమ్మదైతరు సూడు, గప్పుడు భయపడాలె."

ఐదో పాటలో అట్లా నెమ్మదించే చోట ఒకనాడు చెయ్యెత్తి ఆపమన్నారు. డ్రమ్ములాయన ఎడమ కాలు వెంట్రుకవాసి ఆలస్యంగా పడిందన్నారు. మర్నాడు రెండో నంబర్ హ్యామర్ దగ్గర కూడా అదే మాట. ప్రతి ఎనిమిదో దెబ్బ తడబడుతోంది, హ్యామర్‌ను పట్టి ఉంచే రాడ్డు లోపల పగులుంది, విప్పండి అన్నారు. అది తెగితే కింద నిలబడేవాడు మిగలడు.

ఆ వారమే కంపెనీ హెల్త్ చెకప్‌లో సారు చెవులు ఫెయిలయ్యాయి. మేనేజర్ కాగితం చూపించి, మీకు చెవులే పనిచేయనప్పుడు ఆ పగులు ఏ చెవితో విన్నారని అడిగాడు. సారు నన్ను గేటు దాకా పిలుచుకుపోయి, ఆ డ్రమ్ములాయనకు ఉత్తరం రాయమన్నారు.

"గా దినం ఎడమ మోకాలు నొస్తుండెనా అడుగు. నొస్తుండె అంటే నా చెవి ఉన్నట్టు. లేకుంటే ఇగ హ్యామర్ సంగతి నేను మర్సిపోత."

సారు ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టిన రెండో నెలలో జవాబు వచ్చింది. రికార్డింగ్ రోజున మోకాలు వాచి ఉందని, ఇన్నేళ్లలో కనిపెట్టిన మొదటి మనిషి మీరేనని. సారు ఆ కాగితాన్ని దిండు కింద పెట్టుకొని, చూడవచ్చిన ప్రతి ఒక్కరి చేతా చదివించుకున్నారు. అందరికీ చెప్పింది ఒకటే: "రెండో నంబర్ కింద నిలబడకుండ్రి."

ఎవరూ నిలబడటం లేదు. దహనం నుంచి వచ్చిన మర్నాడు రెండు షిఫ్టుల వాళ్లూ, బీహార్ నుంచి వచ్చినవాళ్లతో సహా, చేతులు కట్టుకొని నిల్చున్నారు. విప్పి చూపిస్తేనే నడుపుతామన్నారు. మేనేజర్ దిగొచ్చాడు. సోమవారం విప్పుతారు. పగులు లేకపోతే ఆ ముసలాయన మాట ఈ షెడ్డులో మళ్లీ ఎవరూ ఎత్తొద్దన్నాడు. మావాళ్లకు బెంగ లేదు. డ్రమ్ములాయనే ఒప్పుకున్నాక ఇంకేం కావాలంటున్నారు. హ్యామర్‌ను పైకెత్తి కింద కట్టె దిమ్మె పెట్టారు. దాని పక్క నుంచి నడవడానికి కూడా జంకుతున్నారు.

ఆ జవాబు నేనే రాశాను. డ్రమ్ములాయనకు పంపిన అసలు ఉత్తరానికి ఇప్పటిదాకా బదులు లేదు. ఐదో పాట ఇవాళ కూడా విన్నాను. ఎడమ కాలు తప్పడం నాకు ఒక్కసారి కూడా వినపడలేదు.