మా మీదే అరిచిన సైరన్

తాండూరులో మాకు కిరాణా దుకాణం ఉంది. ఈమధ్యే ఇంటికి వైర్‌లెస్ అలారం పెట్టించాం. ఒకరోజు వికారాబాద్‌లో మా ఆడబిడ్డ కూతురి నిశ్చితార్థానికి వెళ్ళి, పొద్దుగూకే వేళకు తిరిగొచ్చాం.

ఇంటి ముందు దిగి రిమోట్ నొక్కితే కారు లాక్ పడలేదు. "సెల్ అయిపోయినట్టుంది," అని మా ఆయన తాళంచెవితోనే వేశారు. ఇంటి తలుపు తీస్తే అలారం కుయ్యిమనలేదు.

"పొద్దుగాల నువ్వు ఆన్ చెయ్యలే."

"చేసిన. ఫోన్‌ల చూడుండ్రి."

ఫోన్‌లో అలారం ఆన్‌లోనే ఉన్నట్టు, అంతా భద్రంగానే ఉన్నట్టు చూపిస్తోంది. తప్పెవరిదో తేలకముందే పెరటివైపు చప్పుడైంది. వెళ్తే వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. దేవుడి గదిలో వెండి సామాను లేదు. ఆయన పెరట్లోకి ఉరికారు. సందులో ఎవరిదో బండి దూసుకుపోయింది.

భయంతో తలుపు మూసేశాను. ఆయన బయటే ఉన్నారని గుర్తొచ్చి మళ్ళీ తీశానో లేదో, ఇల్లదిరేలా సైరన్! పక్కింటి కాక కర్రతో వచ్చి, మసక చీకట్లో గోడెక్కి చూస్తున్న మా ఆయన కాలు పట్టి లాగాడు.

"దొరికిండు దొంగ!"

"నేనే కాకా, జర ఇడువు!"

దొంగల దగ్గర సిగ్నళ్ళను అడ్డుకునే యంత్రం ఉండి ఉంటుందని, అది దగ్గర్లో ఉన్నంతసేపూ రిమోటూ అలారమూ పనిచేయవని, దూరం పోగానే మళ్ళీ పనిచేస్తాయని పోలీసులు చెప్పారు. నాకు సగమే అర్థమైంది.

ఇప్పుడు రిమోట్ ఒక్కసారి మొరాయించినా నేను గడప తొక్కను, ముందు కాకను కేకేస్తాను. మా ఆయన మాత్రం "సెల్ అయిపోయినట్టుంది" అంటూ తలుపు తీయబోతారు.