త్రివేణి కత్తెర

కామారెడ్డి–ఎల్లారెడ్డి రోడ్డు మీద నా ఆటోను దాటిన బస్సు ఇంతవరకు లేదు. లింగంపేట మలుపులో నా హారన్ వింటే బర్రెలు కూడా వరుసకట్టి దారి ఇస్తాయి. తొమ్మిదో తరగతిలో నేను బడి మానేస్తే హెడ్మాస్టరు వారం రోజులు అన్నం ముట్టలేదు. నమ్మకపోతే మీ ఇష్టం. కానీ మా చెల్లె త్రివేణి సంగతిలో మాత్రం ఒక్క ముక్క కలపను.

త్రివేణి ఎల్లారెడ్డిలో బీడీలు చుడుతుంది. మాట్లాడుతూ, నవ్వుతూ, చూడకుండానే తునికాకు కత్తిరించేది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజున కూడా కత్తెర పట్టింది. తర్వాత స్నిగ్ధ పుట్టింది. పాప ఒళ్లు దూదిలా మెత్తన, కళ్లు పైకి ఏటవాలు, అరచేతిలో అడ్డంగా ఒకే గీత, గుండెలో చిన్న రంధ్రం. కామారెడ్డి డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి డౌన్ సిండ్రోమ్ అంది. అత్త అంజవ్వ ఏ పరీక్షా లేకుండానే కత్తెర అంది. దాన్ని గుంజుకుని అటక మీదికి విసిరింది. అప్పటినుంచి ఆకు కత్తిరించేది అంజవ్వ. బీడీలు చుట్టేది, మాటలు పడేది త్రివేణి.

డాక్టరమ్మ ఓపికగానే చెప్పింది. ఇట్లాంటి పిల్లల్లో చాలామందికి ఇరవై ఒకటో క్రోమోజోము విడిగా ఒకటి అదనంగా వస్తుంది, అది ఎవరి తప్పూ కాదు. కొద్దిమందిలో ఆ అదనపుది ఇంకోదానికి అతుక్కుని ఉంటుంది. స్నిగ్ధది ఆ రకం. అట్లాంటి అతుకు తల్లికో తండ్రికో ఉండవచ్చు, ఉన్నా వాళ్లకు పైకి ఏమీ తెలియదు. అందుకని ఇద్దరి రక్తమూ హైదరాబాదుకు పంపించింది. ఫలితం కోసం మా బావ శైలేందర్ ఒక్కడే వెళ్లాడు. బావది బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం. చచ్చిన ఫోనుకైనా మాట తెప్పిస్తాడు.

“ఇద్దరిదీ మంచిగనే ఉన్నదంట,” అన్నాడు వచ్చి.

నింద కత్తెర మీదే ఉండిపోయింది. ఆరేళ్లు.

మొన్న బావ చెల్లెలు ప్రవళిక మూడో నెలతో పుట్టింటికి వచ్చింది. కామారెడ్డిలో స్కానింగు చేయించి, వదినామరదళ్లను నా ఆటోలోనే వెనక్కి తెస్తున్నాను.

“వదినా, వచ్చే నెల కడుపుల సూది గుచ్చి నీళ్లు తీస్తరంట. బాగ నొస్తదా?”

“నాకేమెరుక? నాకు గుచ్చలే. నీకెందుకు గుచ్చుడు?”

“నాకు గూడ అన్న లెక్కనే అతుకున్నది గదా. బిడ్డకు వచ్చిందో లేదో చూస్తరంట. నా పెండ్లయినంక అన్ననే ఫోన్ జేసిండు, ‘నా రక్తంల ఉన్నది, నువ్వు గూడ చూపించుకో’ అని.” ప్రవళిక ఆగింది. “నీకు తెల్వదా?”

“తెలుసు,” అంది త్రివేణి. “మర్చిపోయిన.”

లింగంపేట దాకా నేను హారన్ కొట్టలేదు. ఆ రోజు బస్సు మమ్మల్ని దాటిపోయింది.

ఇంట్లో బావ స్నిగ్ధకు అన్నం తినిపిస్తున్నాడు. అంజవ్వ గడపలోనే కూతురికి ఎదురొచ్చింది. “ఏమన్నరు బిడ్డా?”

“మీ కొడుకు చెప్తడు అత్తమ్మా,” అంది త్రివేణి. “చెప్పు, ప్రవళికకు సూది ఎందుకో.”

బావ చెల్లెలి వైపు, తల్లి వైపు చూశాడు. “రక్తం తక్కువున్నదంటవ్వా. టానిక్ తాగాలె.”

“అట్లనా! ఇగో బిడ్డా, గ్రహణం గిట్ల వస్తే కత్తెర ముట్టకు. వదిన లెక్క చెయ్యకు.”

“ఇప్పుడన్న చెప్పు,” అంది త్రివేణి.

బావ గొంతు తగ్గించాడు. “నువ్వు బాధపడతవని చెప్పలే త్రివేణీ. తర్వాత మాట్లాడుదాం.”

“మీ అవ్వ నన్ను అంటుంటే ఆరేండ్లు పక్కన కూసోని అన్నం తిన్నవ్. నీ చెల్లెకైతే ఫోన్ జేసినవ్.”

స్టూలు వేసుకుని అటక మీద చెయ్యిపెట్టి వెతికింది. తుప్పు పట్టిన కత్తెరను కొంగుతో తుడిచి, స్నిగ్ధ మూతి కూడా అదే కొంగుతో తుడిచి, పాపను చంకనేసుకుంది.

“ఏందే, ఎటు వోతున్నవ్?” అంది అంజవ్వ.

“మీ కొడుకును అడుగుండ్రి. ఆయనకెరుకే.”

ఆటో ఎక్కి, “మనింటికి పోనియ్ అన్నా,” అంది. స్నిగ్ధ నా ఒళ్లోకి దూరి హారన్ నొక్కింది. అద్దంలో చూశాను. అంజవ్వ కొడుకు భుజం పట్టి కుదుపుతోంది. బావ ఇంకా నోరు తెరవలేదు.